మోకాలు ఆపేసిన కూత: ఒక కబడ్డీ రైడర్ కేస్ స్టడీ

విజయవాడలో ఆట గాయాలకు చికిత్స చేసే ఒక కేంద్రంలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చే ఆటగాళ్ళలో చాలామంది కోలుకుని మళ్ళీ ఆడతారు. కొందరికి ఆ అవకాశం ఉండదు. అలాంటి వాళ్ళతో ఏం మాట్లాడాలో తెలియడం లేదని పీఈటీలు, కోచ్‌లు, ఫిజియోలు, తల్లిదండ్రులు తరచూ అడుగుతుంటారు. వాళ్ళ కోసమే, మోకాలి గాయంతో ఆట ఆపేయాల్సి వచ్చిన ఒక కబడ్డీ అమ్మాయి కేసు వివరంగా రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను. ఆమెను గుర్తుపట్టగల వివరాలన్నీ మార్చాను.

ముందే ఒక మాట. ఆటగాడికి ఆట పోతే "నేనెవరు?" అన్న ప్రశ్న మిగులుతుందని మా పుస్తకాలన్నీ చెబుతాయి. అది నిజమే కానీ మన పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్ల విషయంలో అది సగమే. ఆట పేరు చెప్పుకునే ఆమె ఊరు దాటుతుంది, షార్ట్స్ వేసుకుంటుంది, రాత్రి రైళ్ళు ఎక్కుతుంది, పెళ్ళి మాట వాయిదా వేయించుకుంటుంది. మోకాలు పోయిన రోజున ఈ అనుమతులన్నీ ఒకేసారి రద్దవుతాయి. వాటిని విడివిడిగా చూడకుండా "డిప్రెషన్" అని ఒక్క పేరు పెట్టి వైద్యం చేస్తే పని సగంలోనే ఆగిపోతుంది.

నేపథ్యం

వయసు 24. ఒంగోలు వైపు ఒక పల్లె. నాన్న కౌలు రైతు, పొగాకు, మిర్చి వేస్తాడు. అమ్మ కూలికి వెళ్తుంది. అన్నయ్యకు పెళ్ళయింది. ఏడో తరగతిలో ఉండగా జడ్పీ హైస్కూల్ పీఈటీ సార్ ఈ అమ్మాయి పరుగు చూసి కబడ్డీ టీమ్‌లోకి తీసుకున్నారు. స్కూల్ గేమ్స్, జూనియర్ నేషనల్స్, ఆ తర్వాత రాష్ట్ర సీనియర్ జట్టు. ఎదుటి కోర్టులోకి కూతకు వెళ్ళే రైడర్. బోనస్ లైన్ దాటి కాలు పెట్టి, డిఫెండర్లు కదిలేలోపు వెనక్కి లాగేసుకోవడం ఆమె ప్రత్యేకత.

20 ఏళ్ళప్పుడు ఒక సంక్రాంతి టోర్నమెంట్‌లో, మట్టి కోర్టు మీద మొదటి గాయం. కార్నర్‌లో ఉన్న డిఫెండర్ యాంకిల్ హోల్డ్ వేసింది, అంటే చీలమండ పట్టుకుంది. అదే సమయంలో పక్కనున్న కవర్ స్థానం నుంచి ఇంకో డిఫెండర్ వచ్చి బలంగా గుద్దింది. పాదం నేలకు అతుక్కుపోయి, మోకాలు లోపలికి తిరిగింది. "టప్" అన్న శబ్దం తనకే కాదు, పక్కనున్న వాళ్ళకీ వినిపించిందట. ఊళ్ళో కట్టు కట్టించి నెలన్నర పడుకోబెట్టారు. ఎముక విరగలేదు కాబట్టి ఫరవాలేదనుకున్నారు. వాపు తగ్గాక కోర్టులో దిగి పక్కకు తిరగబోతే మోకాలు జారిపోయేది. అప్పుడు ఎమ్మారై తీస్తే మోకాలిని లోపల పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ పూర్తిగా తెగిపోయి ఉంది. అప్పు చేసి ఆపరేషన్ చేయించారు. తొడ వెనక భాగంలోని హ్యామ్‌స్ట్రింగ్ టెండన్ తీసి కొత్త లిగమెంట్‌గా అమర్చారు.

ఆరు నెలలకే నేషనల్స్ సెలెక్షన్లు వచ్చాయి. వెళ్ళమని ఎవరూ బలవంతపెట్టలేదు, వద్దని ఎవరూ ఆపలేదు. ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత కనీసం తొమ్మిది నెలలు ఆగకుండా ఆటలోకి దిగితే మోకాలు మళ్ళీ దెబ్బతినే ప్రమాదం బాగా పెరుగుతుందని 2016లో నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం తేల్చింది. నెలలు గడిస్తే చాలదు. తొడ కండరాల బలం రెండు కాళ్ళలో దాదాపు సమానంగా రావాలి, ఒంటికాలి గెంతు పరీక్షలు దాటాలి. ఈ అమ్మాయికి అవేవీ జరగలేదు. వాపు మీద ఐస్ పెట్టుకుంటూ రెండు సీజన్లు ఆడింది. రైల్వే స్పోర్ట్స్ కోటా ట్రయల్స్ దగ్గరపడిన రోజుల్లో, మామూలు ప్రాక్టీస్‌లో, ఎవరూ ముట్టుకోకుండానే మోకాలు మళ్ళీ తిరిగింది. ఈసారి లిగమెంట్‌తో పాటు, ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ లోపలి వైపు చిరిగింది, ఎముకల చివర ఉండే నున్నటి పొర కార్టిలేజ్ కూడా అరిగింది.

రైల్వే ఉద్యోగం అంటే మన కబడ్డీ అమ్మాయిలకు ఏమిటో చెప్పాలి. మగవాళ్ళకు 2014 నుంచి ప్రో కబడ్డీ ఉంది. అమ్మాయిలకు 2016లో కొద్ది రోజులు ఒక ప్రయోగం జరిగి ఆగిపోయింది. జాతీయ స్థాయిలో మహిళల కబడ్డీకి రైల్వేసే పెద్ద ఇల్లు. నెల జీతం, క్వార్టర్, ఆడటానికి సెలవు, పైగా "మా అమ్మాయికి గవర్నమెంట్ ఉద్యోగం" అని నాన్న చెప్పుకోగలిగే మాట. ఆమె పన్నెండేళ్ళ ఆట అంతా ఆ ట్రయల్స్ వైపే నడిచింది.

నా దగ్గరికి వచ్చేసరికి

రెండో ఆపరేషన్ జరిగి ఎనిమిది నెలలు. ఇంట్లో చేయాల్సిన వ్యాయామాలు చేయడం లేదని, టేబుల్ మీద పడుకోగానే ఏడుస్తోందని మా ఫిజియో పంపారు. పొద్దున నాలుగున్నరకు అలారం లేకుండానే మెలకువ వస్తుంది. లేచి చేయడానికి ఏమీ ఉండదు. క్యాంపులో తిన్నంతే తింటోంది, తొమ్మిది కిలోలు పెరిగింది. సీనియర్ మహిళల కబడ్డీలో బరువు 75 కిలోలు దాటకూడదు కాబట్టి ఏళ్ళ తరబడి రోజూ బరువు చూసుకున్న పిల్ల, ఇప్పుడు ఆ మిషన్‌ను మంచం కిందికి తోసేసింది. టీమ్ వాట్సాప్ గ్రూప్ నుంచి బయటికి వచ్చేసింది.

డిప్రెషన్ తీవ్రత చూసే పీహెచ్‌క్యూ-9లో 27కి 17 వచ్చింది. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి "కొన్ని రోజులు" అని గీత పెట్టింది. ఇలాంటప్పుడు సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం నిరాధారం. అడిగాను. "చావాలని కాదు మేడం. పొద్దున్నే లేవకపోతే బాగుండు అనిపిస్తుంది" అంది. పథకం ఏమీ లేదు. అయినా రెండు పనులు అదే రోజు చేశాం. సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాను, ఆయన మందులు మొదలుపెట్టారు. నాన్నను విడిగా పిలిచి, ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ వేరేచోట తాళం వేసి పెట్టమన్నాను. మిర్చి, పత్తి, పొగాకు పండే ఊళ్ళలో ఈ జాగ్రత్త గురించి మొదటి రోజే మాట్లాడాలి. రాత్రిపూట కూడా తెలుగులో మాట్లాడగల ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416 ఆ అమ్మాయి ఫోన్‌లో, వాళ్ళ వదిన ఫోన్‌లో సేవ్ చేయించాను.

ఆటతో ఒక మనిషి ఎంతగా ముడిపడి ఉన్నాడో తెలుసుకోవడానికి 1993లో అమెరికాలో తయారైన ఒక ప్రశ్నావళి ఉంది. అందులోని వాక్యాలను స్కోరు కోసం కాకుండా మాట్లాడించడానికి వాడతాను. అన్నిటికీ "నూటికి నూరు" అంటూ వచ్చిన అమ్మాయి, స్నేహితుల్లో ఎక్కువమంది ఆటగాళ్ళేనా అన్న దగ్గర ఆగింది. "ఇప్పుడు లేరుగా మేడం" అంది.

ముందుగా తేలాల్సిన సంగతి

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇది. ఎనిమిది నెలలైనా ఆమెకు ఆట అయిపోయిందని ఎవరూ చెప్పలేదు. సర్జన్ డిశ్చార్జి సమ్మరీలో ఇంగ్లీషులో రాశారు. కోచ్ సార్ "ముందు కోలుకో, తర్వాత చూద్దాం" అన్నారు. నాన్న దేవుడి మీద భారం వేశాడు. అందరూ ఆమె మీద ప్రేమతోనే ఇలా చేశారు. కానీ పోయిందో లేదో తేలని దాని కోసం ఎవరైనా ఎలా ఏడవగలరు? వ్యాయామాలు చేయకపోవడానికి అసలు కారణం బద్ధకం కాదు. పూర్తిగా చేసి కూడా మోకాలు రాకపోతే ఇక ఆశ ఉండదు. చేయనంతకాలం ఆ ఆశ అలాగే ఉంటుంది.

దీనికి తోడు ఊళ్ళో అందరూ పుల్లెల గోపీచంద్ కథ చెప్పేవారట. 1994లో మోకాలి లిగమెంట్ తెగింది, ఆపరేషన్లు జరిగాయి, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ఆ కథ గొప్పది, నిజమైనది. కానీ బ్యాడ్మింటన్‌లో నెట్‌కి అవతల ఉన్నవాడు వచ్చి కాలు పట్టుకోడు. మెనిస్కస్ చిరిగి, కార్టిలేజ్ అరిగి, రెండోసారి లిగమెంట్ వేయించుకున్న రైడర్‌కు ఆ ఉదాహరణ చెబితే "నీలో పట్టుదల లేదు" అన్నట్టే వినిపిస్తుంది. ఆమెకు అలాగే వినిపించింది.

సర్జన్, ఫిజియో, కోచ్ సార్, నాన్న, ఆ అమ్మాయి, నేను ఒక గదిలో కూర్చున్నాం. సర్జన్‌ను ముందే ఒకటి కోరాను. తెలుగులో చెప్పాలి, సందు వదలకుండా చెప్పాలి. ఆయన స్కాన్ చూపించి, "అమ్మా, నువ్వు నడుస్తావు, మెట్లెక్కుతావు, బండి నడుపుతావు, పని చేసుకుంటావు. కబడ్డీ మాత్రం ఇక లేదు. ఆడితే ముప్పై ఏళ్ళకే మోకాలు పూర్తిగా అరిగిపోతుంది" అన్నారు. కోచ్ సార్ తల దించుకున్నారు. నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆమె ఏడవలేదు. "ఈ మాట ముందే చెప్పొచ్చుగా సార్" అని మాత్రం అంది.

తర్వాతి వారాల్లో పీహెచ్‌క్యూ-9 స్కోరు తగ్గలేదు, 19కి పెరిగింది. ఇది చదివే వృత్తివాళ్ళు గమనించాలి. నిజం చెప్పగానే ఉపశమనం రాదు, ముందు దుఃఖం వస్తుంది. ఆ వారాల్లో ఒంటరిగా ఉండకుండా ఏర్పాటు చేసుకుని, ఫోన్‌లో తరచూ పలకరిస్తూ ఉండాలి. కానీ ఆ నెలలోనే ఆమె వ్యాయామాలు మొదలుపెట్టింది.

ఏమేమి పోయాయి

"కబడ్డీ పోయింది" అన్న మాటను విడదీద్దామన్నాను. ఆట వల్ల తనకు దొరికినవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయమన్నాను. పతకాలు, పేపర్లో ఫొటో లాంటివి వస్తాయనుకుంటాం. ఆమె రాసినవి వేరు. క్యాంపుకి వెళ్ళేటప్పుడు స్లీపర్ బోగీలో పై బెర్తు. హాస్టల్ గదిలో నలుగురు కలిసి తినే ఆవకాయ. ప్రైజ్ మనీలో అమ్మకిచ్చే వాటా. "క్యాంపు ఉంది" అనగానే ఇంట్లో పెళ్ళి మాట ఆగిపోవడం. వీధిలో మగపిల్లలు పక్కకు తప్పుకుని దారివ్వడం. ఇంకా, ఊపిరి.

చివరిదాని గురించి చాలాసేపు మాట్లాడాం. ముప్పై సెకన్ల రైడ్‌లో ఊపిరి విడవకుండా కూత పెడుతూ ఎదుటి కోర్టులోకి వెళ్ళినప్పుడు తల లోపల ఏ మాటా ఉండదట. అప్పులు, అన్నయ్య తిట్లు, బరువు ఏవీ గుర్తుకు రావట. "ఏడుగురి మధ్యకి ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని మేడం. ఇప్పుడు కిరాణా కొట్టుకి వెళ్ళాలంటే టెన్షన్ వస్తోంది" అంది. కొట్టుకి వెళ్తే "ఏమ్మా, మళ్ళీ ఎప్పుడు ఆడతావు?" అంటారు. ఆ ప్రశ్నకు జవాబు లేదు. అందుకే ఒక జవాబు తయారుచేసుకున్నాం: "ఆపేశాను పిన్నీ. మోకాలు ఒప్పుకోలేదు." ఇంతే. అద్దం ముందు, నా ముందు, వదిన ముందు చాలాసార్లు అనిపించాను. మొదటిసారి బయట ఆ మాట అన్నరోజు నాకు ఫోన్ చేసి చెప్పింది.

జాబితాలోని ఒక్కోదాన్ని పట్టుకుని అడిగాం. ఇది ఆటతోనే దొరుకుతుందా, వేరేలా కూడా దొరుకుతుందా? కూత పెట్టేటప్పటి ఆ ఖాళీ తల వేరేలా దొరకదు, దాని కోసం ఏడవాలి. ఊరు దాటి ఉండటం, సొంత సంపాదన, పెళ్ళి విషయంలో తన మాట నెగ్గడం మాత్రం ఇంకో దారిలో తెచ్చుకోవచ్చు. ఈ రెండు రకాలనూ కలిపేస్తేనే అంతా పోయినట్టు అనిపిస్తుంది.

"కోచ్ అయిపో"

గాయపడ్డ ఆటగాడికి మన దగ్గర అందరూ ఇచ్చే సలహా ఇదే. మంచి మనసుతోనే కోచ్ సార్ ఆమెను గ్రౌండ్‌కి పిలిచి, విజిల్ ఇచ్చి, చిన్నపిల్లల ప్రాక్టీస్ చూడమన్నారు. సర్జన్ మాట విని అప్పటికి రెండు నెలలైనా కాలేదు. పదిహేను నిమిషాల తర్వాత విజిల్ బెంచి మీద పెట్టి బస్టాండ్‌కి వెళ్ళిపోయింది. తన ఆట కోసం దుఃఖం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు ఇంకొకరికి ఆ ఆట నేర్పమనడం న్యాయం కాదు. కొందరికి కోచింగ్ కొత్త జీవితాన్నిస్తుంది, అందులో సందేహం లేదు. కానీ అది ఎవరికి, ఎప్పుడు అన్నది ఆటగాడే చెప్పాలి.

ఇంకో చిక్కు ఉంది. పీఈటీ కావాలంటే బీపీఈడీ లాంటి వ్యాయామ విద్య కోర్సు చేయాలి, దానికి పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష దాటాలి. పీఈసెట్ అంటే కాగితం మీద పరీక్ష కాదు. పరుగు, షాట్‌పుట్, ఆట నైపుణ్యం గ్రౌండ్‌లో చూపించాలి. రైల్వే స్పోర్ట్స్ కోటాలోనూ ట్రయల్స్ ఉంటాయి. అంటే మోకాలు పోయినవాళ్ళకు అందరూ చూపించే దారులకు ముందు మళ్ళీ ఆ మోకాలే అడ్డంగా ఉంది. సలహా ఇచ్చేవాళ్ళలో ఎంతమంది ఈ సంగతి ఆలోచిస్తారో నాకు అనుమానమే. మెరిట్ సర్టిఫికెట్ల ప్రాధాన్యం మీద జరిగే నియామకాలు వేరే ఉంటాయి. అందుకే ఆమె సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్‌లో పెట్టించి, ఫెడరేషన్ సంతకాలు లేనివాటికి సంతకాలు తెప్పించుకోమన్నాను. ఆట ఆపిన వాళ్ళ కోసం కేంద్ర క్రీడల శాఖ 2024 ఆగస్టు 29న మొదలుపెట్టిన "రీసెట్" శిక్షణ గురించి కూడా చెప్పాను. 20 నుంచి 50 ఏళ్ళ మధ్య వయసున్న మాజీ క్రీడాకారుల కోసం పెట్టిన పథకం అది, గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి వ్యాయామ విద్య సంస్థ నడుపుతోంది. ఆమె అప్పటికి వద్దంది. బలవంతపెట్టలేదు.

ఆమె కోరుకున్నది వేరు. "ఆట వాసన లేని చోట కొన్నాళ్ళు పనిచేస్తా మేడం." ఒంగోలులో ఒక బట్టల షాపులో చేరింది. కొద్ది నెలల్లో ఒక ఫ్లోర్ చూసుకునే బాధ్యత ఇచ్చారు. లేడీస్ హాస్టల్‌లో ఉంటోంది. చుట్టాలు చిన్నచూపు చూశారు. "నేషనల్స్ ఆడిన పిల్ల చీరలు మడతపెడుతోంది" అన్నారు. నా దృష్టిలో ఈ కేసు మలుపు తిరిగింది అక్కడే. జీతం వచ్చింది, ఊరికి దూరంగా ఉండే వీలు వచ్చింది, నాలుగున్నరకు లేస్తే వెళ్ళడానికి ఒక చోటు వచ్చింది. మోకాలు లాగేసుకున్న అనుమతులు ఒక్కొక్కటిగా వెనక్కి వచ్చాయి.

నాన్న

ఇంట్లో సమస్య అన్నయ్య అనుకున్నాను, ఎక్కువ అరిచేది అతనే కాబట్టి. కానీ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా అయిపోయింది నాన్న. విడిగా కూర్చోబెట్టి మాట్లాడితే అర్థమైంది. ఊళ్ళో ఆయనకు పొలం లేదు, కులబలం లేదు. కూతురు నేషనల్స్ ఆడిన నాటి నుంచి రచ్చబండ దగ్గర కుర్చీ వేసేవారు. ఇప్పుడూ వేస్తున్నారు, కానీ ఆయనే వెళ్ళడం మానేశాడు. "అప్పు చేసి కాలు బాగుచేయించా, అయినా కాలేదు. ఏ మొహంతో వెళ్ళనండీ" అన్నాడు. ఆయన దుఃఖం గురించి అంతవరకూ ఎవరూ అడగలేదు.

ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఆయన కూతురితో, "నువ్వు ఆడకపోతే నాకు కోపం అనుకున్నావా తల్లీ? నిన్ను చూస్తే నాకే తప్పు చేసినట్టుంటోంది, అందుకే చూడలేకపోతున్నా" అన్నాడు. ఆ రోజు ఆమె బాగా ఏడ్చింది. పెళ్ళి విషయంలో కూడా అక్కడే మాట్లాడుకున్నారు. ఏడాది పాటు సంబంధాలు చూడకూడదని, చూసినప్పుడు మోకాలి ఆపరేషన్ సంగతి దాచకుండా చెప్పాలని ఒప్పుకున్నారు. దాచాలన్నది అన్నయ్య పట్టు. దాచితే జీవితాంతం కుంటడం లేదన్నట్టు నటించాలి కదా అని ఆమే అడిగింది.

మోకాలితో బతకడం

ఫిజియోతో కలిసి లక్ష్యాలు మార్చాం. పరుగు వేగం, దూకడం తీసేసి, మెట్లు దిగడం, షాపులో గంటల తరబడి నిలబడటం, ఊళ్ళో మరుగుదొడ్డిలో కూర్చుని లేవడం, పెళ్ళిలో నేల మీద భోజనాల బంతిలో కూర్చోవడం రాశాం. లోతుగా ముడుచుకునే భంగిమలు ఆమెకు మంచివి కావు కాబట్టి ఇంట్లో వెస్ట్రన్ సీటు వేయించారు. ఏళ్ళ తరబడి రోజుకు రెండుపూటలా శిక్షణ చేసిన శరీరాన్ని ఒక్కసారిగా ఆపకూడదు. ఎక్సర్‌సైజ్ సైకిల్, తొడ కండరాల వ్యాయామాలు ఇప్పటికీ చేస్తోంది. తిండి క్యాంపు లెక్క నుంచి మామూలు లెక్కకు తెచ్చుకుంది, బరువు చాలావరకు దిగింది.

మళ్ళీ గ్రౌండ్‌కి

కబడ్డీ కనిపిస్తే చానెల్ మార్చేసే మనిషిని తొందరపెట్టలేదు. ముందు టీమ్ గ్రూప్‌లో మళ్ళీ చేరింది, నోటిఫికేషన్లు ఆపుకుని. తర్వాత ఎవరూ లేని వేళ గ్రౌండ్‌కి వెళ్ళి కాసేపు కూర్చుంది. ఆ తర్వాత ప్రాక్టీస్ చూసింది. మ్యాచ్ చూడటం చాలా ఆలస్యంగా వచ్చింది. ప్రతి మెట్టు దగ్గర గుండె దడ తగ్గేదాకా అక్కడే ఉండటం, తగ్గాకే తర్వాతి మెట్టు.

ఈ దశలోనే వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి గురించి మాట్లాడుకున్నాం. 2000 సిడ్నీ ఒలింపిక్స్ కాంస్యం అందరికీ తెలుసు. 2004 ఏథెన్స్ సంగతి అడిగితే ఈ అమ్మాయికి తెలియదు. నడుము గాయంతో పోటీ పూర్తి చేయలేక, ఆ తర్వాత ఆట ఆపేశారని చెప్పాను. 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీ తొలి వైస్ చాన్సలర్ అయ్యారనీ చెప్పాను. ఈ అమ్మాయికి పట్టింది ఆ పదవి కాదు, మధ్యలో ఉన్న సంవత్సరాలు. "అన్నేళ్ళు ఏం చేశారు మేడం ఆవిడ?" అని అడిగింది. అంత పెద్ద క్రీడాకారిణికి కూడా ఆట తర్వాత అంత కాలం ఉందన్న ఊహే ఆమెకు కొత్త.

ఇప్పుడు

ఏడాది తర్వాత పీహెచ్‌క్యూ-9 స్కోరు 5. తొమ్మిదో ప్రశ్నకు "అస్సలు లేదు". సైకియాట్రిస్ట్ మందులు మెల్లగా తగ్గించి ఆపేశారు. మధ్యలో ఆగిన డిగ్రీ సబ్జెక్టులు సప్లిమెంటరీలో పాసయింది. షాపులో పని సాగుతోంది. ఆదివారాలు, తనకు వీలున్నప్పుడు, పాత స్కూల్ గ్రౌండ్‌కి వెళ్ళి రైడర్ పిల్లలకు బోనస్ కాలు పెట్టడం చూపిస్తోంది, నిలబడి మాటలతోనే. ఎవరూ అడగకుండా తనే మొదలుపెట్టింది. గాయమైన పిల్ల తొమ్మిది నెలలు ఆగాలని ఒక తండ్రితో గట్టిగా వాదించిందని కోచ్ సార్ చెప్పారు.

బాగుపడనివీ ఉన్నాయి. సీనియర్ నేషనల్స్ జరిగే వారం ఇప్పటికీ ఆమెకు నిద్ర పట్టదు. ఆ వారానికి ముందే నాకు ఫోన్ చేయాలన్నది మా ఒప్పందం. రైల్వేలో చేరిన పాత జట్టు అమ్మాయి పెళ్ళికి వెళ్ళలేదు. ఏడాది గడువు అయిపోయింది, ఇంట్లో సంబంధాలు చూడటం మొదలైంది. మొదట వచ్చినవాళ్ళు మోకాలి సంగతి విని వెనక్కి తగ్గారు. రెండోవాళ్ళతో మాటలు నడుస్తున్నాయి, ఈసారి ఆపరేషన్ గురించి వాళ్ళకు నాన్నే ముందు చెప్పాడు. మెనిస్కస్ దెబ్బతిన్న మోకాలికి త్వరగా ఆర్థరైటిస్ వచ్చే ముప్పు ఎక్కువ కాబట్టి ఏడాదికోసారి సర్జన్‌కు చూపించుకోవాలి. తర్వాతి చెకప్‌కి నాన్నతో కాకుండా ఒక్కతే వస్తానంది.